మామగారు పెట్టేయని ఫోను

కొత్త రౌటర్ బిగించింది నేనే. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన పాడుపని కూడా నాదే.

మా మామగారికి పుట్టుచెవుడు, మాట కూడా లేదు. నలభై ఏళ్ళు ఒక ప్రెస్సులో మెషిన్‌మన్‌గా చేశారు. అచ్చు యంత్రం తిరుగుతుంటే అక్కడ చెవులున్నవాళ్ళే చెవిటివాళ్ళు. పక్కవాడికి ఒక ముక్క చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. మామగారూ, హాలు అవతలి మూల పుస్తకాలు కుట్టే బైండరూ మాత్రం చేతులతో హాయిగా లోకాభిరామాయణం నడిపేవారట. బైండరుకూ చెవుడే. యజమాని పిసినారితనం దగ్గర్నుంచి కూరలో ఉప్పు దాకా వాళ్ళు తేల్చని విషయం లేదు. రెండేళ్ళ కిందట బైండరుకు పక్షవాతం వచ్చింది. కొడుకు వేరే ఊరు తీసుకుపోయాడు. ఇప్పుడు ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది. ఆ ఒంటిచేతి మాటలు కొడుక్కీ కోడలికీ అంతుపట్టవు. మామగారికి మాత్రం అన్నీ తెలుస్తాయి.

మా ఆవిడకు చెవులు బాగానే ఉన్నాయి. అయినా మాటలకంటే ముందే చేతిభాష వచ్చేసింది. అదే ఇప్పుడు మాకు కూడు పెడుతోంది. ఆసుపత్రుల్లో డాక్టరు చెప్పేది చెవిటి రోగులకు వీడియోలో చేతులతో చెబుతుంది, ఇంట్లో కూర్చునే. నా కొలువు ఊడి ఏడాది దాటింది కాబట్టి ఈ ఇల్లు నడిచేది ఆవిడ చేతుల మీదే.

పాత రౌటర్ చచ్చిపోతే కొమ్ముల రౌటర్ ఒకటి తెచ్చాను. "ఇక రాకెట్టే, చూసుకో" అని కోతలు కోశాను. పాతది మామగారి వెనకగది దాకా అందేది కాదు, ఇది అందింది. ఆయన ఫోనుకూ పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు.

మూడో రోజు నుంచి బొమ్మ బిగుసుకుపోవడం మొదలైంది. అవతలి తెర మీద మా ఆవిడ చేతులు గాల్లోనే ఆగిపోతున్నాయి. గొంతు మాత్రం ఖంగుమంటోంది. చెవిటివాళ్ళకు గొంతెందుకు? ఒక గర్భిణికి కడుపులో బిడ్డ గుండె ఆగిందని చెప్పాల్సి వచ్చిన రోజున, సరిగ్గా ఆ మాట దగ్గరే తెర ఆగిపోయింది. డాక్టరు కాగితం మీద రాసి చూపించాడట. ఆమెకు చదువు రాదు. సాయంత్రానికి ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి, ఇంకొక్కసారి ఇలా జరిగితే జాబితాలోంచి పేరు తీసేస్తామన్నారు. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

ఇక నా తంటాలు మొదలయ్యాయి. ఆపి మళ్ళీ పెట్టాను. ఇనుప బీరువా వెనక నుంచి తీసి బీరువా నెత్తికెక్కించాను. వైరు మార్చాను. కంపెనీకి ఫోన్ చేస్తే "మీకు స్పీడు బాగానే వస్తోంది సార్" అన్న పాటే. తలప్రాణం తోకకొచ్చింది. చివరికి లైన్‌మన్ వచ్చి తన ఫోనులో ఏదో తెరిచి చూశాడు.

"వచ్చేది బాగానే వస్తోందండీ. బయటికి పోయే దారే ఇరుకు. దాన్నేమో ఇంట్లో ఒక ఫోను పొద్దున ఎనిమిదింటి నుంచి మింగేస్తోంది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. వెనకగదిలో నీళ్ళచెంబుకు ఆనించిన ఫోనులో బైండరు పడుకుని కప్పుకేసి చూస్తున్నాడు. ఇవతల మామగారు బట్టలు మడతపెడుతున్నారు. ఇద్దరూ మాట్లాడుకోవట్లేదు. మనమైతే మాట అయిపోగానే ఫోను పెట్టేస్తాం. వాళ్ళు పెట్టేయరు. తలెత్తితే ఎదుటివాడు కనిపిస్తే చాలు వాళ్ళకు. కాసేపటికి బైండరు ఎడమ చేతి వేళ్ళు రెండు ఆడించాడు. మామగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

బొమ్మ నాణ్యత తగ్గిద్దామంటే వేళ్ళు కలిసిపోతాయి. మా వీధికి ఇంకో లైను లేదు. ఫోను సిగ్నలా, ఇంట్లో ఒక్క గీత దాటదు.

"మామయ్యగారికి చెప్పేద్దాం" అన్నాను.

"చెబితే ఈ క్షణమే మానేస్తాడండీ. అసలు నాకెందుకంటాడు. జన్మంతా అంతే చేశాడు. నావల్ల కాదు" అంది మా ఆవిడ.

"సరే, నేను చూసుకుంటాను" అన్నాను. రౌటర్లోకి వెళ్ళి మామగారి ఫోనును పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా ఆపేశాను. అయిదు తర్వాత మాట్లాడుకుంటారులే అనుకున్నాను. బైండరుకు నాలుగింటికే నిద్రమందు వేస్తారని తర్వాత తెలిసింది.

మొదటి రోజు మామగారు ఫోను పట్టుకుని గదంతా తిరిగారు. రెండో రోజు స్టూలెక్కి రౌటర్ దుమ్ము తుడిచారు. ఆ సాయంత్రం బైండరు కొడుకు ఫోన్ చేశాడు. "నాన్న పొద్దుటి నుంచీ ఫోనుకేసే చూస్తున్నారు బావగారూ. ఏం అడుగుతున్నారో మాకు తెలియట్లేదు." నెట్ బాగాలేదని చెప్పాను.

మూడో రోజు మామగారు నన్ను చెయ్యి పట్టుకుని మా ఆవిడ ముందుకు తీసుకొచ్చారు. గబగబా ఏదో అడిగారు.

"ఎందుకు పనిచేయట్లేదని అడుగుతున్నాడు. మీరైతే బాగుచేయగలరంటున్నాడు" అంది ఆవిడ, నా మొహం చూడకుండా.

"లోపం కంపెనీవాళ్ళదని చెప్పు. మన చేతుల్లో లేదని చెప్పు."

ఎదుటివాళ్ళు అన్నది అన్నట్టు చెప్పడమే ఆవిడ వృత్తి. చెప్పింది.

మామగారు తలూపారు. నా భుజం తట్టి, కూతురితో ఏదో అని వెనకగదికి వెళ్ళిపోయారు.

"ఏమన్నారు?"

ఆవిడ వెనకగది తలుపుకేసి చూస్తూ చెప్పింది.

"పాపం, అల్లుడు వారం రోజులుగా దాంతోనే కుస్తీ పడుతున్నాడు, ఇక వదిలేయమను. నీ పనికి ఆటంకం లేదు కదా, అది చాలు అన్నాడు."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంతలో కంప్యూటర్లో ఆసుపత్రి నుంచి కాల్ వచ్చింది. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని తెర ముందు కూర్చుంది. ఆ రోజంతా బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.