మొగ దాటని నీళ్ళు

ఇరవై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే దమ్ముంటే సంగతి ఇంతదాకా వచ్చేదే కాదు.

బందరులో ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో నేను అసిస్టెంటుని. అప్పటికింకా టెంపరరీ. పర్మినెంటు చేసే ఫైలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంది. అదే ల్యాబులో పద్మావతి అనే గుడివాడ అమ్మాయి పీహెచ్‌డీ చేసేది. పొద్దున్నే మొదటి బస్సుకి దిగేది. నన్ను బాబాయ్ గారూ అనేది.

ఆమె పని సీ అర్చిన్ల మీద. ముళ్ళ బంతుల్లాంటి సముద్రజీవులవి. విశాఖ రాళ్ళ ఒడ్డు నుంచి తడిగోనెల్లో రైల్లో తెప్పించేవాళ్ళం. వాటి పిండంలో ఏ జీన్ ఏ గంటకి మేలుకుంటే పేగు ఏర్పడుతుందన్నది ఆమె ప్రశ్న. ఒక జీన్‌ని మేలుకోనివ్వని మందును సగం గిన్నెల్లో వేసేది, సగంలో వేసేది కాదు. మందు లేనివాటిలో పేగు వచ్చి, మందు వేసినవాటిలో రాకపోతే, ఆ పని ఆ జీన్‌దేనని తేలుతుంది. "దాని గంటకి అది మేలుకోవాలి బాబాయ్ గారూ, తర్వాత ఎంత పిలిచినా లాభం లేదు" అని నాకు అర్థమయ్యేలా చెప్పేది.

పిండాలు పెరగడానికి నీళ్ళు తెచ్చే పని నాది. బందరు ఒడ్డున అంతా బురద. అందుకని నాగాయలంక వెళ్ళి, పడవెక్కి, కృష్ణ సముద్రంలో కలిసే మొగ దాటి, నీళ్ళు నీలంగా మారినచోట డబ్బాలు ముంచుకోవాలి. ఆ రోజు అమావాస్య. పడవలు కట్టేశారు, వేట లేదు. మర్నాడు రమ్మన్నారు. మళ్ళీ అంత దూరం ఎవడొస్తాడని విసుక్కుని, మొగకి ఇవతలే, కాలవ పక్కన డబ్బాలు నింపేశాను. అమావాస్య పాటుకే, సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడే, రొయ్యల చెరువుల నీళ్ళు ఆ కాలవలోకి వదులుతారని నాకు తెలీదా? తెలుసు. అయినా ఉప్పు కొలిచి చూశాను. సముద్రం లెక్కే చూపించింది. చెరువు నీళ్ళూ సముద్రం నుంచి తోడినవే కదా! వాటిలో ఏ మందులు కలిపారో ఉప్పు చెప్పదు.

ఆ నీళ్ళలో పిండాలు పెట్టిన రెండో రోజు పొద్దున నేనే ముందు మైక్రోస్కోపులో చూశాను. మందు వేసిన గిన్నెల్లో పేగు లేదు. మందు వెయ్యని గిన్నెల్లోనూ లేదు. బోలు బంతులు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఈదుతున్నాయి, కానీ లోపల ఏమీ లేదు. నీళ్ళే చెడగొట్టాయని ఆ క్షణమే తెలిసిపోయింది.

అదే కాన్పు పిండాలు కొన్ని, పోయినసారి తెచ్చిన డబ్బాలో మిగిలిన మంచి సముద్రపు నీళ్ళలో విడిగా ఉన్నాయి. వాటికి పేగు చక్కగా వచ్చింది. మందు వెయ్యని గిన్నెలు సింకులో పారబోసి, వాటిలో ఇవి పోశాను. మందు వేసినవాటిని ముట్టుకోలేదు. అంతా అయిదు నిమిషాల పని.

పద్మావతి వచ్చింది. ఒక గిన్నె చూసింది, ఇంకొకటి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాబాయ్ గారూ, వచ్చిందండీ! నీళ్ళు మొగ దాటి తెచ్చినవేగా?"

"అవునమ్మా. నీలం నీళ్ళే."

"మీ చేత్తో రికార్డులో రాయండి మరి."

రాశాను.

ఆ తర్వాత ఆమె అదే ప్రయోగం నాలుగుసార్లు చేసింది. నేను భయపడి ప్రతిసారీ బుద్ధిగా మొగ దాటి వెళ్ళాను. ప్రతిసారీ మందు వేసినా పేగు వచ్చింది. మొదటిసారి పేగుని ఆపింది మందు కాదు, నా కాలవ నీళ్ళు. మంచి నీళ్ళు తెచ్చి మరీ ఆమెని ముంచానండీ. మొదటి ఫలితం కల్పించావా అని గైడు గారు అందరి ముందూ అడిగారు. బాబాయ్ గారిని అడగండి అంది ఆమె. ఆయన నా వైపు తిరిగారు. నీళ్ళలో తేడా లేదండీ అన్నాను. ఆ వారమే నా ఫైలు మీద సంతకం పడింది. నెల తిరక్కుండా ఆమె మానేసింది.

భయమేనా అది? భయమైతే ఉద్యోగం పర్మినెంటయ్యాక పోవాలి కదా. ఆ తర్వాతా నోరు విప్పలేదంటే దాన్ని ఏమనాలి?

మొన్న గుడివాడ బస్టాండులో కనిపించింది. కాన్వెంటులో సైన్సు చెబుతోందట. తనే పలకరించింది. మాటల్లో, "ఆ రోజు నా చేతుల్లోనే ఏదో పొరపాటు జరిగుంటుంది బాబాయ్ గారూ, ఇప్పటికీ ఆలోచిస్తుంటాను" అంది. నేను బస్సు వచ్చిందని చెప్పి ఎక్కేశాను. అది ఏ ఊరి బస్సో కూడా చూడలేదు.

ఆమె ల్యాబులో వదిలేసి వెళ్ళిన ఆ రికార్డు ఇన్నేళ్ళూ నా ట్రంకుపెట్టెలోనే ఉంది. చించెయ్యలేకపోయాను, ఎందుకో తెలీదు. ఇవాళ తీశాను. "మొగ బయట" అన్న నా అక్షరాలు కొట్టేసి, పక్కన "రొయ్యల చెరువుల కాలవ. గిన్నెలు మార్చింది నేను" అని రాసి, కింద సంతకం పెట్టాను. కాన్వెంటు అడ్రసు రాసి పోస్టులో వేసి వచ్చాను. ఆమె క్షమించదు. క్షమించమని అందులో రాయలేదు కూడా.

ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగాను. గొంతు దిగాయి.