వేషం లేని బొమ్మ

1938లో పత్తర్‌గట్టిలోని ఒక రాతి అచ్చు ప్రెస్సులో నేను చిత్రకారుడిగా చేరాను. నాటక కంపెనీల కరపత్రాలకు నటుల బొమ్మలు గీయడం నా పని. జిడ్డు సిరాతో నున్నటి రాతి మీద బొమ్మను కుడిఎడమలు మార్చి గీస్తే కాగితం మీద సరిగ్గా పడుతుంది. అచ్చు ముగిశాక ఆ రాతిని ఇసుకతో రుద్ది ఇంకో బొమ్మకు వాడేవారు. మా హెడ్ ఆర్టిస్టుది ఒక్కటే నియమం: నటుడు పూర్తి వేషంలో కూర్చున్నాకే పెన్సిలు పట్టాలి. “జనం వేషాన్ని చూడ వస్తరు, మనిషిని గాదు” అనేవారు.

మొఘల్‌పురాలో ఉండే బాలయ్య ఆడవేషాలకు పేరు పడ్డ నటుడు. నాలుగేళ్లలో అతన్ని పదిహేనుసార్లయినా గీసి ఉంటాను. నేను మధ్యాహ్నం థియేటరుకు వెళ్లేసరికి రంగు పూసుకొని, విగ్గు పెట్టుకొని, నగలతో సిద్ధంగా ఉండేవాడు. పెదవుల రంగు చెదురుతుందని మాట్లాడేవాడు కాదు. నేను కాగితం చుట్టగానే తెర వెనక్కి వెళ్లిపోయేవాడు.

1942 వానాకాలంలో అతను జ్వరంతో వారం తిరగకుండా పోయాడు. నెల గడిచాక అతని భార్య అండాలు ప్రెస్సుకు వచ్చింది.

“అన్నా, ఆయన బొమ్మ ఒకటి గావాలె. వేషంల గాదు, ఇంట్ల ఉన్నట్టు. ఫోటో దిగుదామంటే రేపు, మాపు అనుకుంటనే పాయె.”

దాచిన కరపత్రాలు తీసి ముందు పెట్టాను. ఒక్కొక్కటే వేలితో తడిమి చూసింది.

“ఈ కమ్మలు నావే. గాజులు లాడ్ బజార్ల నేనే ఏరిన. గని వీట్ల ఆయన ఏడున్నడన్నా?”

గీసిస్తానని మాటిచ్చాను. కూర్చున్నాక తెలిసింది కష్టం. కనుబొమలు దిద్దినవి, పెదవులు రంగుతో తీర్చినవి, నుదురు విగ్గు కింద దాగింది. ఇవన్నీ తీసేస్తే నా దగ్గర మిగిలింది కళ్లూ ముక్కూ గడ్డమూ మాత్రమే.

మూడోరోజు వచ్చి చూసింది. “కండ్లు గివే. నుదురు గింత పెద్దగ లేకుండె” అంది. దిద్దాను. “నవ్వితే మూతి ఎడమకు జరంత వంకర పోతుండె” అంది. మళ్లీ దిద్దాను. ఆమె చెప్పినకొద్దీ ఆ ముఖం ఎవరో మూడోమనిషిదిగా మారసాగింది. చివరికి నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“ఇగ వద్దన్నా. నువ్వు దిద్దుతుంటే నాకు యాదికున్నది సుత పోతున్నది.”

కొంగు నెత్తి మీదికి లాక్కుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ కాగితం నేను చించేశాను.

ఆ తర్వాత థియేటరుకు గంట ముందే వెళ్లడం మొదలుపెట్టాను. నటుడు రంగు పూసుకోకముందే ముఖాన్ని వేరే కాగితం మీద గీసుకుని, ఆపైనే వేషం గీసేవాణ్ణి. కాగితం దండగ అని హెడ్ ఆర్టిస్టు కోప్పడినా మానలేదు. అలాంటి బొమ్మలు అడగడానికి ఇన్నేళ్లలో ఇద్దరే వచ్చారు, ఇద్దరికీ ఇవ్వగలిగాను.

చూడటం వేరు, గీయడం వేరని ఆ పనిలో నేర్చుకున్నాను. బాలయ్యను నాలుగేళ్లు గీశాను. ఇప్పుడు కళ్లు మూసుకుని ఎంత వెతికినా, కమ్మలు పెట్టుకున్న ఒక రాణి కనబడుతుంది గానీ అతను కనబడడు.