పక్కవాటు వెలుగు

ఇళ్లుగా మారబోయే పాత పశువుల కొట్టాలను ముందుగా కొలిచి, బొమ్మ గీసి పెట్టడం దేదీప్య పని. లోపలికెళ్లగానే తలుపులన్నీ మూసేస్తుంది. నేపర్‌విల్ ఊరి అవతల కొట్టం కొన్న భానుప్రకాష్‌కి అది వింతగా తోచింది. "చెక్క నున్నగా గీకేవాళ్లు బయట వెయిట్ చేస్తున్నారమ్మా. చీకట్లో ఏం రికార్డ్ చేస్తావ్?" "చూడండంకుల్," అంటూ టార్చిని చెక్క స్తంభానికి ఆనించి పక్కవాటుగా వేసింది. పాత సున్నం కింద ఉలిగాట్లు పైకి తేలాయి. ఏ దూలం ఎక్కడ దిగాలో అప్పటి వడ్రంగి పెట్టుకున్న గుర్తులవి. గీకితే పోతాయి.

ఆమె తొందరపడలేదు. కింది పెదవి కొరుకుతూ ఒక్కో గాటునీ వేలితో తడిమి కాగితం మీద గీసుకుంది. "గీకొద్దంటావా?" ఆయన గొంతు తగ్గింది. "ఇల్లు మీదంకుల్. నా పని అయిపోయింది," అని తనే తలుపులు బార్లా తీసి పనివాళ్లను పిలిచింది. భానుప్రకాష్ వెళ్లి ఆ స్తంభానికి అడ్డంగా నిలబడ్డాడు.