ఉప్పునీళ్లు పోసింది నేనే

ఆ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని చేలోకి వెళ్లేసరికి మా ఆయన పత్తి సాళ్ల మధ్య పడి ఉన్నారు. వీపుకి స్ప్రేయర్ అలాగే ఉంది. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. పత్తి పోయిన రైతులు పురుగుమందు తాగి చనిపోతున్న ఏళ్లవి. పక్క చేలోంచి పరుగెత్తుకొచ్చిన మా బావగారు వాసన చూసి, "తాగేశాడమ్మా" అన్నారు. నేనూ నమ్మాను.

బండి మీద ఇంటికి తెచ్చాం. మందు తాగిన మనిషికి ఉప్పునీళ్లు పోసి కక్కించడం మా ఊళ్లో అందరూ చేసేదే. స్పృహ లేని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, బావగారు దవడలు పట్టుకుంటే నేను చెంబుతో పోశాను. కక్కారు. కక్కింది బయటికి రాలేదు, వెనక్కి పోయింది. పెదాలు నల్లబడ్డాయి.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టర్ గారు, "ఈయన తాగలేదమ్మా. కడుపులోంచి తీసినదాంట్లో మందే లేదు. స్ప్రేయర్ కారి వీపంతా తడిసింది, చర్మంలోంచి పట్టింది. దానికి విరుగుడు, అట్రోపిన్, ఇస్తున్నాం. నా భయం ఊపిరితిత్తుల గురించి. కడుపులో యాసిడ్ అందులోకి పోయింది, ఆస్పిరేషన్ అంటారు. నీళ్లు ఎవరు పోశారు?" అన్నారు.

బావగారు నేల చూశారు. నేనేనని చెప్పాను.

ఎక్స్‌రేలో నల్లగా కనపడాల్సిన రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి. వెంటిలేటర్ పెట్టారు. తొమ్మిదో రోజు తీస్తే జ్వరం, ఊపిరితిత్తుల్లో చీము, మళ్లీ గొంతులో ట్యూబ్. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఏం కష్టమొచ్చి తాగాడు?" అని అడిగేవాళ్లే. తాగలేదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఎవరూ నమ్మలేదు. వాళ్లని తిట్టుకునే హక్కు నాకు మాత్రం ఎక్కడిది?

నెల దాటాక మా ఆయనకి మాట వచ్చింది. "నువ్వూ తాగాననే అనుకున్నావా?" అన్నారు. అవునన్నాను.

"గోంగూర పచ్చడి మర్చిపోకుండా తెమ్మని చెప్పి వెళ్లినోణ్ని, చావబోతానా?"

ఆ రోజు నేను పట్టుకెళ్లిన క్యారియర్‌లో ఆ పచ్చడి ఉంది. అప్పుడు ఏడ్చినంత నేను ఎప్పుడూ ఏడవలేదు.

ఊపిరితిత్తులు మునుపటిలా కాలేదు. మంచం నుంచి వీధి గుమ్మం దాకా నడవాలంటే మధ్యలో ఆగాలి. మిరపకాయలు కోసే రోజుల్లో ఘాటుకి ఆగలేరు, చీరాలలో ఆడపడుచు ఇంట్లో దింపుతాను. సేద్యం నేనే చూస్తున్నాను.

స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి. ఉప్పునీళ్లు, మజ్జిగ, ఏదీ వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోరు తుడిచి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. తాగాడో లేదో అక్కడ తేలుతుంది.

మా ఆయనకి దగ్గు వస్తే ఇప్పటికీ నీళ్లు నేనే ఇస్తాను. లేచి కూర్చున్నాకే చెంబు అందిస్తాను.