లెక్కల్లో తప్పినామెకు మా వదిన చెప్పిన తెలుగు

మొన్న సూర్యాపేటలో మనవడిని కోచింగ్ సెంటర్లో చేర్పించబోతే, ముందు ఓ పరీక్ష పెట్టి, మార్కుల్ని బట్టి వాడిని చివరి సెక్షన్లో పడేశారు. ఏది రాలేదో, ఎందుకు రాలేదో అడిగినవాళ్లు లేరు. తిరుగు బస్సులో దారంతా మా పెద్దవదినే గుర్తొచ్చింది.

వదినది ఆంధ్ర సరిహద్దున కోదాడ. మిర్యాలగూడలో మా ఇంటి కోడలై ఎన్నేళ్లయినా మాట చివర ఆ 'అండీ' మాత్రం వదల్లేదు. మేం ఆటపట్టిస్తే తనూ నవ్వేది. టీచరుగా రిటైరయ్యాక, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు మేడమీది గదిలో మధ్యాహ్నాలు పదో తరగతి చెప్పేది. కిటికీ తీస్తే రైస్‌మిల్లు నుంచి ఉడికిన వడ్ల వాసన, మూస్తే ఉక్కపోత. కొత్తగా ఎవరొచ్చినా ముందు టీ ఇచ్చి కబుర్లాడేది. ఎంతవరకు చదివారో, ఎందుకు మానేశారో, ఇప్పుడు దేనికి కావాలో ఆ కబుర్లలోనే తెలుసుకునేది. ఆ తర్వాతే నాలుగు ప్రశ్నలున్న కాగితం చేతికిచ్చేది.

అలా పాలకీడు నుంచి ఒకామె వచ్చింది. గొర్లు పెంచే ఇల్లు. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. పది పాసైతే టీచరయ్యే అవకాశముంది. ఓపెన్ స్కూల్లో కట్టి, మిగతావి ఎవరితోనో చదివించుకుని బట్టీపట్టి గట్టెక్కింది కానీ, లెక్కల్లో తప్పుతూనే ఉంది. కాగితం చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మార్కులెయ్యనమ్మా. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియాలి కదండీ," అంది వదిన.

అంకెలతో ఇచ్చినవన్నీ సరిగ్గానే చేసింది. మాటల్లో ఇచ్చిన లెక్కలు మాత్రం వదిలేసింది. వదిన వాటిలో ఒకటి పైకి చదివితే ఠక్కున జవాబు చెప్పింది. తననే చదవమంటే, అక్షరమక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయింది.

కొన్నాళ్లు లెక్కలు పక్కనపెట్టి చదవడం చూద్దామంది వదిన. ఆమెకు రోషమొచ్చింది. "లెక్కల్ల ఫెయిలైతే తెలుగు సదవమంటరేంది మేడం? నన్నేమన్న సిన్నపిల్లననుకున్నరా?" అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కొన్నాళ్లు చూసి, వదిన నన్ను వెంటబెట్టుకుని పాలకీడు బస్సెక్కింది. గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతున్న ఆమె మమ్మల్ని చూసి గాబరాగా మంచం వాల్చింది. వదిన బతిమాలలేదు. "నేనే సరిగ్గా చెప్పలేదమ్మా," అని అదే లెక్క తీసి, ముందు రెండు మాటలు వదిలి మిగతాదంతా అరచేత్తో మూసింది. "ఇంతవరకే చదవండి. ఏముంది?" ఆమె చదివి చెప్పింది. వదిన చెయ్యి కాస్త జరిపింది. ఆమె మళ్లీ చెప్పింది. చివరికొచ్చేసరికి, అడక్కముందే జవాబు ఆమె నోట్లో ఉంది. "గింతేనా? గిన్నొద్దులు నాకు లెక్కలే రావనుకున్న గద మేడం!" అంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. వదిన ఆమెతో పేపర్లో వ్యవసాయం పేజీ చదివించేది, అంగన్‌వాడీ పోస్టర్లు చదివించేది. మధ్యమధ్య ఓ చిన్న కాగితమిచ్చి, ఇంకా ఎక్కడ తడబడుతోందో చూసి, దాన్నిబట్టి పాఠం మార్చేది. అంత ఓపిక నేను మరొకరిలో చూడలేదు.

ఆ ఏడు ఆమె పాసైంది. తర్వాత టీచరూ అయింది. స్వీట్లు తెచ్చిన రోజు, ఏడాదిలోనే సాధించావే అన్నాను. "ఏడాదేందక్కా? మూడో తరగతిల బడి ఇడిసిన కాడికెల్లి లెక్కెయ్యి," అంది. బడి మానేసిన ఏళ్లన్నీ వృథాగా పోయినట్టే అనుకునేదాన్ని నేను. ఆమె మాత్రం వాటిని కూడా తన చదువులోనే కలుపుకుంది.