కూలగొట్టే శుక్రవారం

నాచారం చౌరస్తాలోని మందుల దుకాణంలో ఇంకా ఆ పాతకాలపు ప్రింటరు ఉంది. మొన్న బీపీ గోళీలకు వెళ్తే అది కిర్రుకిర్రుమంటూ చీటీ కక్కింది, రిబ్బను సిరా వాసన గుప్పుమంది. ఆ వాసనకు విశాలాక్షి మేడం గుర్తొచ్చి, గోళీలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

తొంభైల్లో నేను అక్కడి పారిశ్రామికవాడలో ఒక పంపుల ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. పాత పుస్తకాలు కొనుక్కుని, ఉప్పల్ నుంచి బస్సులో వస్తూ పోతూ చదివి, కంప్యూటరు పని నాకు నేనే నేర్చుకున్నాను. అలాంటి ప్రింటరే ఉన్న కంప్యూటర్ గదిని చూసుకునేది విశాలాక్షి మేడం. రైల్వే ఉద్యోగి భార్య, విజయవాడ వైపు మనిషి. మేనేజరును ఒప్పించి నన్ను మూడు నెలలు పరీక్షగా ఆ గదిలోకి తీసుకున్నారు. నిలబడితే అక్కడే ఉద్యోగం. లేదంటే మళ్ళీ స్టోర్సు, నా కుర్చీలో డిగ్రీ ఉన్న ఇంకొకరు.

మా పని సరుకు వివరాలకు టేబుళ్లు కట్టడం. గళ్ళు గీసిన రిజిస్టరు లాంటిదే అది. ఏ గడిలో ఏం పట్టాలో ముందే నిర్ణయించాలి. ముందు ప్రాక్టీసు మిషన్లో కట్టి చూసేవాళ్ళం. ఎలా కట్టాలో కంప్యూటరుకు చెప్పే వరసలు ఒక ఫైల్లో రాసి ఉండేవి. ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ఆవిడ, "కూలగొట్టండి యాదగిరి గారూ" అనేవారు. టేబుళ్లన్నీ తీసేసి, ఆ ఫైలు నడిపి మళ్ళీ కట్టాలి.

నాకు ఒళ్ళు మండేది.

"గిదేంది మేడం? ఇల్లు గట్టినోడు వారం వారం గోడలు వడగొడ్తడా?"

"ఆ గోడలు ఫైల్లో ఉన్నాయో, మీ బుర్రలోనే ఉన్నాయో తెలియాలిగా," అనేవారు టిఫిన్ డబ్బా మూత పెడుతూ.

స్టోర్సులో వాషర్లు తూకం మీద ఇస్తారు. అర కిలో, ఒకటిన్నర కిలో. టేబుల్లో మాత్రం పూర్తి అంకెలే పట్టేవి. చదువుకున్నోళ్ళకు అర కిలో సంగతేం తెలుసని గొణుక్కుంటూ, ఒక సోమవారం ఆ గడిలో అర కిలోలు పట్టేలా నేరుగా మిషన్లోనే సరిచేశాను. ఫైల్లో రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం నా చేత్తో నేనే కూలగొట్టి మళ్ళీ కట్టాను. నేను సరిచేసింది కూడా దాంతోపాటే పోయిందని తట్టలేదు.

మర్నాడు మేనేజరు పని చూడటానికి వచ్చాడు. గొప్ప చూపించుకుందామని వాషర్లు రెండున్నర కిలోలు కొట్టాను. తెర మీద మూడు అని పడింది.

"పదో తరగతోన్ని కూసోవెడితే గిట్లనే ఉంటది మేడం. సోమవారం నుంచి స్టోర్సుకే పంపుండ్రి," అన్నాడు, నేనక్కడ లేనట్టు.

ఇన్నేళ్లయినా ఆ మాటకు చెవులు కాలతాయి. కానీ తప్పు నాదే.

"మార్చిన మేడం. ఫైల్ల రాయలే," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. వెనకేసుకు రానూ లేదు.

"ఈయన రాయకపోవడం తప్పే సార్. అర కిలో సంగతి స్టోర్సులో అడగకపోవడం నా తప్పు. పది నిమిషాలు కూర్చోండి, టీ తెప్పిస్తాను."

ఫైలు తెరిచి గబగబా ఏదో కొట్టి, నా వైపు తిరిగారు. "కూలగొట్టండి."

మేనేజరు ముందే. కూలగొట్టాను. టేబుళ్లన్నీ పోయాయి. ఫైలు నడుస్తుంటే తెర మీద వరసలు పైకి పాకుతున్నాయి. వాటి మధ్య ఆవిడ ఇంగ్లీషులో కొట్టిన కొత్త వరస కనబడింది: 'అర కిలోలు కూడా పట్టాలి. చెప్పినవారు: స్టోర్సు యాదగిరి.'

మళ్ళీ రెండున్నర కొట్టాను. రెండున్నరే నిలిచింది. మేనేజరు టీ గ్లాసు కింద పెట్టి, "సరే, ఉండనీ" అని వెళ్ళిపోయాడు.

భర్తకు బదిలీ అయి ఆవిడ వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన డిగ్రీల వాళ్ళు ఎన్ని శుక్రవారాలు కూలగొట్టినా, మళ్ళీ కట్టేటప్పుడు నా పేరు తెర మీద వచ్చి పోయేది.

ఇప్పుడు చెంగిచెర్లలో మా ఇంటి పైపులు, తీగలు ఎక్కడెక్కడ పోయాయో నోటుబుక్కులో రాసుకుంటాను. నిన్న మోటారు బాగుచేసినతను, "లోపటి వాల్వు ఎడమకు తిప్పితే నీళ్ళు బందయితయి తాతా," అన్నాడు. రాసుకున్నాను. అతను బండి ఎక్కుతుంటే ఆపి, పేరు అడిగి, అదీ కింద రాశాను.