పరీక్ష తప్పినవాళ్ళు పాఠం చెప్పే మేడ

ఐఏఎస్ పరీక్ష రెండోసారి తప్పాక, ఢిల్లీలో ఉండి చదువుతున్న మా అమ్మాయి సుజాత ఉత్తరాలు రాయడం మానేసింది. దాన్ని ఇంటికి తీసుకొద్దామని జనవరిలో ఒక ఉదయం ఎనిమిదిన్నరకు కాజీపేటలో రైలెక్కాను. మర్నాడు ఆగ్రా దాటాక అంతా పొగమంచు. కిటికీ బయట ఆవచేలు పచ్చగా కనబడి, అంతలోనే కరిగిపోయేవి. బండి నీళ్ళ మీద తేలిపోతున్నట్టుంది. ఢిల్లీలో దిగేసరికి పన్నెండున్నర.

సుజాత ఉండే ముఖర్జీ నగర్‌కు బస్సెక్కాను. యాభై దాటాక రాత్రిబడిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. రైల్వే కాలనీలో ఉండి హిందీ మాట్లాడటం వచ్చింది కానీ చదవడం రాదు. అందుకే బోర్డు తెలియక పొరపాటున రెండు స్టాపులు ముందే దిగి నడిచాను.

సుజాత అద్దెగదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. "ఎందుకొచ్చినవమ్మా? నన్ను చూసి ఏడ్వనీకా?" అని గోడవైపు తిరిగింది. రెండు రోజులు వండి పెట్టాను. తిన్నది, మళ్ళీ దుప్పటి కప్పుకుంది.

మూడో రోజు పక్కగది అమ్మాయి నన్ను యువజన కేంద్రానికి తీసుకెళ్ళింది. లైబ్రరీ మేడమీద హాలు. పది నుంచి ఆరు దాకా తెరిచి ఉంటుంది, టీ ఇస్తారు. అక్కడ పరీక్ష తప్పినవాళ్ళను ఎవరూ ఓదార్చరు. చదువుకు కొత్తగా చేరినవాళ్ళు వాళ్ళ ఎదురుగా కూర్చుని, "ఇది నాకు రాదు, చెప్పు" అంటారు.

కేంద్రం నడిపే దీదీ హిందీలో అన్నది: "మీ అమ్మాయిని లాక్కురాను ఆంటీ. ఆమెతో ఎవరికైనా పని పడాలి."

గదికొచ్చి నోటుపుస్తకం సుజాత ముందు పెట్టాను. "బోర్డు చదవరాక రెండు స్టాపులు నడిచిన. హిందీ అక్షరాలు చెప్పు బిడ్డా."

"ఇప్పుడా?"

"మళ్ళ బస్సెక్కేదుంది గద!"

దుప్పటి తీసి లేచి కూర్చుంది. నా రాత చూసి, "గట్ల కాదే అమ్మా! మళ్ల రాయి" అని కసురుకుంది. ఆ కసురు విని నా కడుపు నిండింది. "ఇట్లనే చెప్పుమని అడిగేటోళ్ళు ఆ మేడ మీద ఉన్నరు, రా" అన్నాను. నాలుగు గంటలకు ఇద్దరం మేడ ఎక్కాం. పట్నా నుంచి వచ్చిన పిల్ల సుజాత ముందు మ్యాపు పరిచింది: "దీదీ, రుతుపవనాలు బుర్రకెక్కడం లేదు." సుజాత చాక్‌పీసు అందుకుంది.

పిల్లల్ని చదువుకు ముఖర్జీ నగర్‌లో ఉంచినవాళ్ళు ఒకసారి ఆ మేడ ఎక్కండి. ఓదార్పులు వద్దు, మీకు తెలియనిదేదైనా వెంట తీసుకెళ్ళండి.

శనివారం సాయంత్రం సుజాత స్టేషన్‌దాకా వచ్చింది, రైలెక్కలేదు. పొలాల మీద మళ్ళీ మంచు దిగుతుంటే, ఎదుటి సీట్లోని మిలిటరీ ఆయన భార్య అడిగింది: "బిడ్డేం జేస్తది పెద్దమ్మా?"

"పరీక్ష తప్పింది," అన్నాను. "రేపు పదింటికి పాఠం చెప్తది."